కెమెరా ముందు చింతపండు లెక్క

చింతపండు వ్యాపారానికి డబ్బు ఏడాది పొడుగునా అక్కర్లేదు. ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా కావాలి. అప్పుడు చేతిలో ఎంత ఉంటే అంత సరుకు. ఆ మూడు నెలల్లో కొన్నదాన్నే మళ్ళీ సంక్రాంతి దాటేవరకు అమ్ముకుంటూ రావాలి. సీజన్‌లో డబ్బు సరిపోక తక్కువ కొంటే, దసరాకి షాపులవాళ్ళు ఫోన్లు చేస్తుంటే ‘సరుకు లేదండీ’ అని చెప్పుకోవాల్సిందే.

మాది ఒడిశాలో రాయగడ. మా మావయ్యగారిది మొదటినుంచీ చింతపండు, అల్లం, పసుపు హోల్‌సేల్. కొండల మీద నుంచి కొంధు గిరిజన ఆడవాళ్ళు గంపలతో దించిన సరుకుని బిస్సంకటక్, మునిగుడ, కాశీపూర్ వైపు సంతల్లో కొని, బస్తాలు కట్టించి విజయనగరం, విశాఖ అడితీలకి వేసేవారు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చాక పిక్క తీయించి, అరకిలో దిమ్మలుగా నొక్కించి, ప్యాకెట్లు చేయడం మొదలుపెట్టాను. తర్వాత సీసాల్లో చింతపండు పేస్ట్. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం, ఇటు బరంపురం షాపులకి వెళ్తుంది. డిగ్రీలో చదివిన కామర్స్ అక్కరకొచ్చింది. మావయ్యగారి చిట్టా, ఆవర్జా పుస్తకాలు రెండూ కంప్యూటర్‌లోకి ఎక్కించింది నేనే.

సీజన్ డబ్బు ఎక్కడినుంచి తెస్తామంటే, నా బంగారం తాకట్టు, మా బావగారి దగ్గర చేబదులు, మిగిలింది నూటికి రెండు రూపాయల వడ్డీకి. నూటికి రెండంటే చిన్నగా వినిపిస్తుంది. ఏడాదికి 24 శాతం. మా లాభంలో పెద్ద ముక్క అక్కడికే పోతోందని పుస్తకం చూసిన ప్రతిసారీ కనబడేది.

వ్యాపారం చేసేవాళ్ళు వచ్చి తమ కంపెనీలో వాటా ఇస్తామని డబ్బు అడిగే టీవీ షో, షార్క్ ట్యాంక్ ఇండియా, 2021 డిసెంబర్ 20న సోనీలో మొదలైంది. డబ్బు పెట్టేవాళ్ళని అందులో షార్కులంటారు. మా ఇంట్లో రాత్రి అన్నాల వేళకి అదే పెట్టేవాళ్ళం. జపాన్‌లో 2001లో ఇలాంటి షో పుట్టి, ఇంగ్లండ్, అమెరికా తిరిగి మన దాకా రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ మొదటి సీజన్‌లో హైదరాబాద్ నుంచి వెళ్ళిన స్కిప్పీ ఐస్ పాప్స్ దంపతులకి ఐదుగురు షార్కులూ కలిసి డబ్బు పెట్టారు. మా వీధిలో పిల్లలంతా దాని గురించే మాట్లాడుకున్నారు. నా మనసు పట్టింది మాత్రం మాలేగావ్ నుంచి వచ్చిన కమలేశ్‌ని. పొలంలో మందు కొట్టడానికి తోసుకెళ్ళే బండి తయారుచేశాడు. షార్కుల్లో ఒకరైన పీయూష్ బన్సల్ ఆయనకి 40 శాతం వాటాకి 10 లక్షలు, దానితో పాటు వడ్డీ లేకుండా 20 లక్షల అప్పు ఇచ్చారు. 10 లక్షలకి 40 శాతమంటే కంపెనీ మొత్తం విలువ 25 లక్షలని ఇద్దరూ ఒప్పుకున్నట్టు. చూసినవాళ్ళంతా ఆయన కష్టం గురించి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాకూ వచ్చాయి. కానీ వాటా కోసం ఇచ్చింది 10 అయితే అప్పుగా ఇచ్చింది 20 అన్న సంగతి నన్ను చాలారోజులు వదల్లేదు. అవసరాన్ని బట్టి డబ్బు రూపం మారుతుందని టీవీలో చూసి తెలుసుకున్నది అప్పుడే.

తర్వాత కొన్నాళ్ళకి తెలుగులో అలాంటి షో ఒకటి వస్తోందని తెలిసి దరఖాస్తు పెట్టాను. షో పేరు, అక్కడ కూర్చున్నవాళ్ళ పేర్లు రాయను. ఒప్పందంలో అలాంటి షరతు ఉంది, దాన్ని మీరడం నాకిష్టం లేదు. ముందు ఫారం, తర్వాత ఫోన్‌లో ప్రశ్నలు, ఆ తర్వాత వీడియో, కాగితాలు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సొంత పేరు మీద, ప్రొప్రైటర్‌షిప్‌గా నడిపే వ్యాపారంలో ఎవరికీ షేర్ ఇవ్వలేం. షేర్లంటూ ఉండాలంటే ప్రైవేట్ లిమిటెడ్ లాంటి కంపెనీ ఉండాలి. మేం అంతకు ముందు ఏడాదే, పెద్ద షాపులవాళ్ళు అడిగారని, కంపెనీ చేసుకుని ఉండటంతో పని తేలికైంది. మా జిల్లాలో పచ్చళ్ళు, అప్పడాలు, చోడిపిండి చేసి అమ్మేవాళ్ళలో చాలామందికి ఇది తెలియదు. షో వాళ్ళు పిలిచాక ఆడిటర్ దగ్గరికి పరిగెత్తితే టైం చాలదు.

ఇంట్లో ఈ విషయం చెప్పిన రోజు మా అత్తమ్మ వంటింట్లో కత్తిపీట మీద ఉన్నారు.

“వాటా అంటే ఏటే? మన గొడౌన్‌లో వాటానా?”

“గొడౌన్ మీది, మావయ్యగారిది అత్తమ్మా. కంపెనీకి అద్దెకిచ్చారు. దానిమీద ఎవరికీ హక్కు రాదు. కంపెనీలోనే వాటా.”

“అయితే ఫర్వాలేదు” అని కాసేపు కూర తరిగి, మళ్ళీ తలెత్తారు. “వాటా తీసుకున్నోళ్ళు మళ్ళీ ఎప్పుడు ఎల్లిపోతారు?”

ఆవిడ ఐదో తరగతి దాకా చదువుకున్నారు. ఆ తర్వాత పెద్ద పెద్ద లాయర్లు పంపిన కాగితాల్లో అతి ముఖ్యమైన పేజీ ఆవిడ అడిగిన ఆ ప్రశ్న గురించే.

షోకి నేను తయారైంది స్పీచ్ గురించి కాదు, కిలో లెక్క గురించి. పిక్క తీసిన చింతపండు కిలో తయారవ్వాలంటే, పెంకు ఒలిచి పిక్కతో ఉన్నది కిలో ఏడొందల గ్రాములు కావాలి. సంతలో 40 రూపాయల చొప్పున 68 రూపాయలు. (ఆ చింతపండుకి 2020లో కేంద్రం పెట్టిన మద్దతు ధర కిలో 36.) పిక్కలు ఊరికే పోవు. వాటి పొడి బట్టల మిల్లుల్లో నూలుకి గంజి పెట్టడానికి వాడతారు కాబట్టి కొనేవాళ్ళు ఉంటారు. దాంతో ఆరు రూపాయలు తిరిగొస్తాయి. అంటే 62. పిక్క తీసే ఆడవాళ్ళకి కిలోకి 15. ఈనెలు, తేమ ఆరడం వల్ల తరుగు 3. కోల్డ్ స్టోరేజ్, లారీ కిరాయి కలిపి 9. ప్యాకింగ్ 9. మొత్తం 98. దానిమీద ఆరు నెలల వడ్డీ, నూటికి రెండు చొప్పున 12. కిలో 110కి తేలింది. మేం షాపుకి వేసేది 135. మిగిలిన 25లోంచి అద్దె, కరెంటు, జీతాలు.

ఈ లెక్క నేను ఎన్నిసార్లు వేశానో గానీ, వేసిన ప్రతిసారీ ఆ 12 దగ్గరికే వచ్చి ఆగేదాన్ని. అదే బ్యాంకు వడ్డీ, ఏడాదికి 12 శాతం అయితే 6తో పోతుంది. వేరే ఏమీ మార్చకుండా 25 కాస్తా 31 అవుతుంది. పేస్ట్‌లో ఇంకా బాగా మిగులుతుంది. కానీ దానికి ఉడికించే పెద్ద స్టీలు కెటిల్, గుజ్జు తీసే పల్పర్ కావాలి. చింతపండు పులుపు ఇనుముని, అల్యూమినియాన్ని తినేస్తుంది. అందుకని మంచి స్టీలుకి తక్కువ దాంట్లో దిగడానికి లేదు.

అందుకే నా అడుగుడు ఇలా పెట్టుకున్నాను: 10 శాతం వాటాకి 30 లక్షలు. అంటే కంపెనీ విలువ 3 కోట్లు. అంతకు ముందు ఏడాది మా అమ్మకం 84 లక్షలు. 30లో 12 లక్షలు మిషన్లకి, మిగతాది సీజన్ సరుకుకి.

రాయగడలో నాగావళి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగాం, నేనూ మా ఆయనా. స్టూడియో ఊరి బయట. లోపల చలి. నేల మీద టేపుతో గుర్తు వేసి ఉంటుంది, అక్కడ నిలబడమంటారు. నిలబడ్డాక వెంటనే మాట్లాడనివ్వరు. కెమెరాలు మన మొహాన్నీ, వాళ్ళ మొహాల్నీ తీసుకునేదాకా ఎదురుబొదురుగా చూస్తూ ఉండాలి. టీవీలో మనకది కనబడదు. అప్పుడొచ్చే టెన్షన్ ముందు పదో తరగతి పరీక్ష ఎందుకూ పనికిరాదు. టీవీలో ఒక పిచ్, అంటే ఒకరు డబ్బు అడిగే భాగం, పావుగంట ఉంటే లోపల గంటపైనే నడుస్తుంది. అక్కడ ఏ మాట ఉంచుతారో ఏది కోస్తారో మన చేతిలో ఉండదు కాబట్టి, అడిగినదానికి సూటిగా, ఒక్కొక్క జవాబూ విడిగా నిలబడేలా చెప్పడమే మంచిది.

నేను మూడు గాజు గిన్నెలు తీసుకెళ్ళాను. ఒకదాంట్లో ఆ ఏడాది కొత్త చింతపండు. రెండోదాంట్లో పోయినేడాది సరుకు, మామూలు గొడౌన్‌లో గోనె బస్తాలో ఉన్నది. మూడోదాంట్లో అదే పోయినేడాది సరుకు, అదే సంత, అదే రోజు కొన్నది, కోల్డ్ స్టోరేజ్‌లో పెట్టింది. మొదటిది ఎర్రమట్టి రంగు. రెండోది నల్లగా, వేలితో నొక్కితే బంకలా అంటుకుంటుంది. మూడోది మొదటిదానికంటే ఒక ఛాయ ముదురు, అంతే. మూడింటినీ వేడినీళ్ళలో పిసికి అక్కడే రసం తీసి చూపించాను. నల్లటిదాని రసం పోపు పెట్టకముందే కాఫీ రంగులో ఉంటుంది. దాంతో పులిహోర కలిపితే అన్నం మసిబారినట్టు కనబడుతుంది. ఇళ్ళలో ఆడవాళ్ళు దుకాణంలో ప్యాకెట్‌ని వెలుగుకి పెట్టి చూసేది ఇందుకే.

హోటళ్ళ వ్యాపారం చేసే ఒకాయన మూడో గిన్నెలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నారు. “కోల్డ్ స్టోరేజ్ ఎవరైనా వాడుకోవచ్చు కదమ్మా. జగదల్‌పూర్‌లో మీకంటే వందరెట్లు సరుకు కొనేవాళ్ళున్నారు. రేపు వాళ్ళు ఇదే ప్యాకెట్ తెస్తే మీ దగ్గర ఏముంది?”

న్యాయమైన ప్రశ్న. బస్తర్‌లో జగదల్‌పూర్, రాయలసీమలో హిందూపురం చింతపండుకి పెద్ద మార్కెట్లు. అక్కడి ధరతో మేం పోటీ పడలేం. నేను చెప్పిందల్లా ఇది: మార్కెట్‌కి వచ్చేసరికి పది ఊళ్ళ సరుకు ఒక కుప్ప అయిపోతుంది, తడిసింది, ఎండింది, పులుపు తక్కువది అన్నీ కలిసిపోతాయి. మేం చెట్టు దులిపిన వారంలోపల, సంతలో మనిషి చేతిలోంచి కొంటాం. చాటికొన బుధవారం సంతలో ఏ కొండ ఊరి సరుకు ఎలా ఉంటుందో మావయ్యగారు కాటా మీద పెట్టకముందే చెప్పగలరు, ఇప్పుడు నేనూ చెప్పగలను. ఎలక్ట్రానిక్ కాటా అమ్మేవాళ్ళ వైపు తిప్పి పెడతాం, డబ్బు అక్కడికక్కడే ఇస్తాం. అందుకని తడి సరుకు మా దగ్గరికి రాదు. తెచ్చినా వాళ్ళే ఆరబెట్టి వచ్చే వారం తెస్తారు. రంగు కోల్డ్ స్టోరేజ్ వల్ల నిలుస్తుంది గానీ, నిలబెట్టడానికి మంచి రంగు ముందు ఉండాలి కదా.

పక్కనున్న మేడమ్ నవ్వి, “ఒడిశా నుంచి వచ్చి తెలుగు ఇంత బాగా మాట్లాడుతున్నారే” అన్నారు. ఇది హైదరాబాద్ వెళ్ళిన ప్రతిసారీ వినేదే. “మాది తెలుగే మేడమ్, అక్కడే పుట్టాం. మా కొట్లో రోజూ తెలుగు, ఒడియా, హిందీ, కాస్త కొంధుల కుయి భాష మాట్లాడుకుంటాం” అన్నాను. ఆవిడ మంచి మనసుతోనే అడిగారు. మా వైపు తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో అక్కడివాళ్ళకి తెలియదు, చెప్పేవాళ్ళు వెళ్ళాలి.

వాళ్ళు అడిగిన మిగతావి అందరినీ అడిగేవే. నెలకి అమ్మకం ఎంత, ఒకసారి కొన్న షాపు మళ్ళీ కొంటోందా, బాకీలు ఎన్నాళ్ళకి వసూలవుతున్నాయి, మీ ఇద్దరి జీతం లెక్కలో వేశారా. ఈ ఆఖరిది అడిగినందుకు ఆ మేడమ్‌కి నేను రుణపడి ఉన్నాను. మా ఊళ్ళో కుటుంబమంతా పనిచేసే వ్యాపారాల్లో ఎవరూ తమ జీతం ఖర్చులో రాసుకోరు. రాసుకోకపోతే లాభం ఉన్నట్టు కనబడుతుంది. నేను రాశాను, అది నా షీట్‌లో ఉంది, చూపించాను. ఇంట్లో పనిచేసే ఆడవాళ్ళ చాకిరీకి ధర కట్టకుండా ‘లాభం’ అనుకోవడం నాకు మొదటినుంచీ నచ్చదు. మా అత్తమ్మ ముప్ఫై సీజన్లు పిక్కలు తీసిన చేతులకి ఆవర్జాలో ఒక్క రూపాయి ఖాతా లేదు.

ముగ్గురు వద్దన్నారు. ఒకరు కారణం బాగా చెప్పారు: “మీ డబ్బంతా మూడు నెలల్లో సరుకులోకి వెళ్ళి కూర్చుంటుంది. వాటా పెట్టేవాడికి డబ్బు తిరగాలి. మీకు కావల్సింది పార్ట్‌నర్ కాదు, సీజన్ లోన్.” హోటళ్ళాయన ఆఫర్ ఇచ్చారు. 15 శాతం వాటాకి 20 లక్షలు, ఇంకో 10 లక్షలు 10 శాతం వడ్డీకి అప్పు. 20 లక్షలకి 15 శాతమంటే కంపెనీ విలువ కోటీ 33 లక్షలు, నేనడిగినదాంట్లో సగం కంటే తక్కువ. అయినా మా ఆయన వైపు చూస్తే సరేనన్నట్టు తలూపారు. అప్పు భాగం నాకు నచ్చింది. ఆయన హోటళ్ళకి మా పేస్ట్ వెళ్తుందన్న ఆశ ఇంకా నచ్చింది. ఒప్పుకున్నాం. చప్పట్లు కొట్టారు.

టీవీ చూసేవాళ్ళు అక్కడితో పనైపోయింది అనుకుంటారు. నిజానికి పని అప్పుడు మొదలవుతుంది. స్టేజి మీద మాటకి చట్టపరంగా బలం ఏమీ లేదు. తర్వాత వాళ్ళ ఆడిటర్లు మన పుస్తకాలన్నీ చూస్తారు: బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీఎస్టీ రిటర్నులు, ఆహార వ్యాపారానికి ఉండాల్సిన ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు, అద్దె ఒప్పందం, ఎవరికెంత బాకీ. ఆ తర్వాత ముఖ్యమైన షరతులు రాసిన టర్మ్ షీట్, ఆ తర్వాత షేర్‌హోల్డర్ల ఒప్పందం. మా పుస్తకాల్లో వాళ్ళకి తప్పు దొరకలేదు. సంతలో నగదుతో కొన్న ప్రతిదానికీ మేం తేదీ, ఊరు, బరువు రాసి ఉంచుతాం. ఆ ఆడిటర్ల దగ్గర పనిచేసే కుర్రాడు ఒకతను ఆ రిజిస్టర్ చూసి ఫొటో తీసుకున్నాడు.

చిక్కు ఒప్పందం దగ్గర వచ్చింది. అందులో మూడు విషయాలు మా గొంతు దిగలేదు. ముడిసరుకు ఎక్కడ, ఎంతకి కొనాలో వాళ్ళ అనుమతి లేకుండా నిర్ణయించకూడదు. ఏడాదిలోపల పిక్క తీయడం, ప్యాకింగ్ హైదరాబాద్ దగ్గరికి మార్చి మిషన్ పెట్టాలి. ఐదేళ్ళలో వాళ్ళ వాటా ఇంకెవరికైనా అమ్మించలేకపోతే, ఒప్పందంలో రాసిన లాభంతో కలిపి మేమే తిరిగి కొనుక్కోవాలి. అత్తమ్మ అడిగిన ‘ఎప్పుడు ఎల్లిపోతారు’కి జవాబు ఆ మూడోది.

హోటళ్ళాయన లెక్కలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. మార్కెట్‌లో లారీ లోడ్ ఒకేసారి కొని, మిషన్‌తో పిక్క తీస్తే కిలోకి ఏడెనిమిది రూపాయలు కలిసొస్తాయి. డబ్బు పెట్టినాయన ఐదేళ్ళకి వెనక్కి తీసుకోవాలనుకోవడం కూడా ధర్మమే, ఆయన ఆ డబ్బు దానంగా ఇవ్వట్లేదు. కానీ చాటికొన సంత, మా వీధుల్లో పిక్కలు తీసే ఆడవాళ్ళు, ఈ రెండూ తీసేస్తే మా ప్యాకెట్‌కీ పక్క ప్యాకెట్‌కీ తేడా ఏంటి? నేను స్టేజి మీద నిలబడి గట్టిగా చెప్పిందే ఒప్పందంలోంచి కొట్టేసినట్టయింది. కొనుగోలు సంగతి మాకు వదిలేయమని, మిగతావి మాట్లాడుకుందామని అడిగాం. లాయర్ల మధ్య మెయిళ్ళు నడిచాయి. చివరికి ఆయనే ఫోన్ చేసి, “మీ వ్యాపారం మంచిది, నా పద్ధతికి కుదరదు” అన్నారు. గౌరవంగానే విడిపోయాం. మా భాగం ప్రసారం కాలేదు. రికార్డు చేసినవన్నీ వేయరు, ఇది ముందే చెబుతారు. ఊళ్ళో మాత్రం ఇప్పటికీ ‘ఏ ఆదివారం వస్తుందమ్మా’ అని అడుగుతుంటారు.

‘మీకు కావల్సింది సీజన్ లోన్’ అన్నాయన మాట పట్టుకుని నేను బ్యాంకుకి వెళ్ళాను. ఇంతకుముందు వెళ్ళలేదా అంటే వెళ్ళాం, గొడౌన్ కాగితాలు తాకట్టు పెట్టమంటే మావయ్యగారు ఒప్పుకోలేదు. ఈసారి షో కోసం కట్టిన ఫైల్ మొత్తం పట్టుకెళ్ళాను. చిన్న వ్యాపారాలకి వర్కింగ్ క్యాపిటల్, అంటే సరుకు కొనుక్కుని నడుపుకోవడానికి కావల్సిన డబ్బు, ఇవ్వడానికి బ్యాంకుల్లో నాయక్ కమిటీ పద్ధతి ఒకటుంది. వచ్చే ఏడాది అమ్మకం ఎంత ఉంటుందని అంచనా వేస్తారో అందులో 20 శాతం దాకా వాడుకోవచ్చని లిమిట్‌గా ఇస్తారు, ఇంకో 5 శాతం మనం పెట్టుకోవాలి. కోటి అమ్మకానికి 20 లక్షలు. సరిగ్గా టీవీలో మా వాటాకి ఇస్తానన్నంత. తాకట్టు లేకుండా, దాని బదులు బ్యాంకుకి హామీ ఉండే చిన్న పరిశ్రమల క్రెడిట్ గ్యారంటీ కింద ఇచ్చారు.

ఆ 20 శాతం లెక్కలో మా లాంటివాళ్ళు గమనించాల్సింది ఒకటుంది. డబ్బు మూడు నెలలకొకసారి తిరిగొస్తుందన్న ఊహ మీద అది కట్టిన లెక్క. చింతపండులో సరుకు పది నెలలు నిల్వ ఉంటుంది. అందుకని నెలవారీ నిల్వ పట్టిక ఇచ్చి, సీజన్‌లో లిమిట్ పెంచమని అడగాలి. నేను అడిగాను, ఒక ఏడాది నడిపి చూపించాక చూద్దామన్నారు. ఇలా లిమిట్‌లోంచి తీసి వాడుకునే క్యాష్ క్రెడిట్ ఖాతాలో వాడుకున్న రోజులకే వడ్డీ. 20 లక్షలు ఏడు నెలలు వాడితే, 12 శాతం చొప్పున లక్షా నలభై వేలు. అంతకుముందు బయట కట్టినదాంట్లో ఇది సగం. ఎవరికీ వాటా ఇవ్వలేదు.

మిషన్లకి పీఎంఎఫ్ఎంఈ పథకం వాడుకున్నాం. చిన్న ఆహార యూనిట్లకి కేంద్రం 2020లో పెట్టిన పథకం. మేం తీసుకున్నప్పుడు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ, బ్యాంకు లోన్‌కి ముడిపెట్టి ఇచ్చేవారు. మా 12 లక్షల మిషన్లకి 4 లక్షల 20 వేలు. ఆ సొమ్ము వెంటనే చేతికి రాదు. లోన్ ఖాతా పక్కనే ఉంచి, మూడేళ్ళు వాయిదాలు సరిగా కడితే అప్పులో జమ చేస్తారు. ప్రతి జిల్లాకీ దీనికోసం రిసోర్స్ పర్సన్ ఉంటారు, ప్రాజెక్టు రిపోర్టు రాయడంలో సాయం చేస్తారు. ఆయనకి మనం డబ్బు ఇవ్వక్కర్లేదు.

మరి టీవీ షోకి వెళ్ళడం వృథానా అని మా ఆడపడుచు అడిగింది. నేను వద్దని ఎవరికీ చెప్పను. బ్యాంకు మేనేజర్ నా ఫైల్ తిరగేసి మారుమాట లేకుండా సంతకం పెట్టారంటే, ఆ ఫైల్ స్టూడియోలో వాళ్ళ ప్రశ్నలకి నిలబడింది కాబట్టే. మీ వ్యాపారం త్వరగా పెరిగేదైతే, సరుకు వారంలో తిరిగేదైతే, ఐదేళ్ళలో నాలుగు రాష్ట్రాలకి వెళ్ళాలన్న కోరిక మీకుంటే వాటా ఇచ్చి తెచ్చుకోండి. డబ్బుతో పాటు మనిషి కూడా వస్తారు, ఆ మనిషికి తెలిసిన దారులు వస్తాయి. మాది అలాంటి వ్యాపారం కాదు. అది తక్కువతనమూ కాదు. మా అడవి ఎంత కాస్తే అంత అమ్ముతాం. కాయని ఏడు తక్కువ అమ్ముతాం. దీన్ని ఏటా రెట్టింపు చేస్తానని ఏ కెమెరా ముందూ నేను చెప్పలేను.

గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు నుంచి ఇలాంటి షోలకి దరఖాస్తు పెట్టాలనుకునే ఆడవాళ్ళు నాకు మెసేజ్‌లు పెడుతున్నారు. అందరికీ విడివిడిగా జవాబు ఇవ్వలేకపోతున్నాను, ఏమనుకోవద్దు. నా కిలో లెక్క షీట్, నెలవారీ నిల్వ పట్టిక, స్టేజి మీద అడిగిన ప్రశ్నలు, ఒప్పందం మీద సంతకానికి ముందు లాయర్‌ని అడగాల్సినవి, అన్నీ ఒకచోట పెట్టాను. కావాల్సినవాళ్ళు అడగండి, పంపిస్తాను. మా ఆడపడుచు కొడుకు దాన్ని ఒడియాలో కూడా రాస్తున్నాడు, దసరా సెలవుల్లో పూర్తవుతుంది.